ఎడమ బూటు

మా ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి బతికిన మనిషి. నేను పదింటి నుంచి అయిదింటి దాకా కూర్చుని బతికినదాన్ని. ఆయనది బస్టాండు వెనక చిన్న సెలూన్. రెండు కుర్చీలు, గోడ పొడుగునా ఒక అద్దం. నాది రిజిస్ట్రారు ఆఫీసులో టైపు పని. ఆయన ఇంటికొచ్చి మంచమ్మీద వాలేసరికి నేను లేచి వంటింట్లో నిలబడేదాన్ని. ఇరవై మూడేళ్ల కాపురంలో ఇద్దరం ఒకే ఎత్తులో ఉండి మాట్లాడుకున్నది చాలా తక్కువ. “అమ్మాయి వచ్చిందా?” “వచ్చింది.” “గ్యాసు చెప్పావా?” “చెప్పాను.” అంతే. పోట్లాటలు కూడా లేవు. పోట్లాడాలన్నా ఎదురెదురుగా కూర్చోవాలి కదా.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఆయనకి సుగరు ఉందని తేలింది. నాకేమో ఆఫీసులో రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం. డాక్టరు ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, “మందులు తర్వాత. ముందు నడవండి,” అన్నాడు.

“నేను రోజంతా కాళ్ల మీదే ఉంటానండి,” అన్నారు ఆయన కాస్త రోషంగా.

“నిలబడటం నడక కాదు.”

ఆ మాట ఆయనకెక్కడో గట్టిగా తగిలింది. దారంతా అదే గొడవ. “విన్నావా? ముప్పై ఏళ్లు కుర్చీ చుట్టూ తిరిగాను. ఒక్క అడుగు ముందుకెయ్యలేదన్నమాట.”

ఆయన దగ్గర జుట్టు కత్తిరించుకునే వాళ్లలో రిటైరైన లెక్కల మేష్టారొకరు ఉండేవారు. చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం కట్టుకుని, కనబడిన వాళ్లందరికీ ఆ పూట ఎన్ని వేశారో చెప్పేవారు. అందుకని ఊరంతా ఆయన్ని అడుగుల మేష్టారనేది. ఊరి బయట కొండ ఒకటుంది. వారంలో మూడు రోజులు మేష్టారు దానిమీదే ఉంటారు. “మీ షాపు సెలవు రోజున మీరూ రండి. అమ్మగార్నీ తీసుకురండి,” అన్నారట, మెడ మీద కత్తి ఆడుతుండగా. “కత్తి నా చేతిలో ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అప్పుడే లేవదీసి తీసుకుపోయేవాడు,” అని ఇంటికొచ్చి చెప్పారు మా ఆయన.

మొదటి రోజు నేను ఆఫీసు చెప్పులతోనే బయల్దేరాను. ఆరు కొట్టలేదు. తారు రోడ్డు అయిపోయిన చోట ఎర్రమట్టి బాట మొదలవుతుంది. అక్కణ్ణుంచి పావుగంట ఎక్కామో లేదో గుండె చెవుల్లో కొట్టుకోవడం మొదలెట్టింది. చెప్పులు రాళ్ల మీద జారుతున్నాయి. ఇటు తుప్ప పట్టుకుంటే ముళ్లు, అటు పట్టుకుంటే ఊడొచ్చే మట్టి.

“ఇప్పటికి పదకొండు వందలమ్మా. ఇంకా నాలుగు వేల పైచిలుకు,” అన్నారు మేష్టారు.

“మేష్టారూ, మీరు అంకెలు చెప్పకపోతే ఇంకో వంద వేస్తానండి.”

మా ఆయన పడీపడీ నవ్వారు. ఆయన నవ్వితే ఎడమ బుగ్గ మీద గీత పడుతుందని మర్చిపోయాను. ఆ రోజు సగంలోనే కూలబడిపోయాను. నాతోపాటు ఆయనా ఆగిపోయారు. మేష్టారు మా ఇద్దరివైపు జాలిగా చూసి పైకి వెళ్లిపోయారు.

మర్నాడు సాయంత్రం ఆయన రెండు జతల బట్ట బూట్లు తెచ్చారు. రెండూ నీలం రంగే. “పిల్లల బూట్లలా ఉన్నాయి,” అంటే, “పిల్లలు కాబట్టే పరిగెడతారు,” అన్నారు. నాకు తాడు ముడి వెయ్యడం సరిగ్గా రాలేదు. నేలమీద కూర్చుని నా కాలు తన మోకాలి మీద పెట్టుకుని ఆయనే ముడేశారు, షాపులో ఎవరి మెడకో గుడ్డ కట్టినంత నేర్పుగా. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న మా అమ్మాయి, “అబ్బో,” అంది. అది డిగ్రీ ఆఖరి ఏడు చదువుతోంది అప్పుడు.

రోజూ పొద్దున్నే ఊరి చివరిదాకా, వారానికోసారి కొండ. నాలుగో వారానికి పైకి చేరాం.

పైన మేడంత బండ ఒకటుంది. దానిమీద కూర్చోగానే గాలి వచ్చి తగిలింది. చెమట పట్టిన వీపు ఒక్కసారిగా చల్లబడింది. ఎవరో నన్ను ఉతికి, పిండి, తీగ మీద ఆరేసినట్టుంది. పిక్కలు వణుకుతున్నాయి, కానీ అది నొప్పి కాదు. నలభై ఆరేళ్లకి నా ఒంటితో నాకు మొదటిసారి పరిచయమైనట్టు, అదీ మంచి మనిషే అన్నట్టు. కింద ఊరు మొత్తం చేటలో పోసినట్టు కనబడుతోంది.

మా ఆయన వేలు చాపి చూపించడం మొదలెట్టారు. “అదిగో ఆ రేకుల షెడ్డు చూడు, నడినెత్తి పలచబడింది. ఇంకో రెండేళ్లకి మొత్తం పోతుంది. ఆ చెట్ల వీధి చూడు, ఉంగరాల జుట్టు, దువ్వెన దిగదు. మీ ఆఫీసు, అదిగో, నున్నగా గీసిన గుండు.”

కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఈ మనిషికి ఇంత హాస్యం ఉందని ఆ సెలూన్ అద్దానికి తెలుసు. నాకే తెలీదు.

మాటలు వచ్చింది మాత్రం నడకలోనే. పక్కపక్కన నడుస్తుంటే ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. కళ్లు బాట మీద, మాట గాలి మీద. ఒకరోజు దిగుతూ, ఏ ముందస్తు ఆలోచనా లేకుండా అనేశాను, “పెళ్లయిన మూడో ఏడు మా అమ్మ దగ్గరికి వెళ్లానే, అప్పుడిక తిరిగి రాకూడదనే వెళ్లాను.”

ఆయన అడుగు తడబడలేదు. “తెలుసు,” అన్నారు.

“తెలిసి మరి ఎందుకు రాలేదు, తీసుకెళ్లడానికి?”

“వస్తే, రానని మొహమ్మీదే అంటావేమోనని భయమేసింది. రాకపోతే ఎప్పటికైనా వస్తావేమోనని ఆశ ఉంటుంది కదా.”

ఆ తర్వాత కింది దాకా ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. కానీ ఆ మౌనం వేరు. మా ఇంట్లో ఇరవై మూడేళ్లుగా ఉన్న మౌనం కాదది.

నవంబరు, డిసెంబరు. నా బతుకులో ఏవైనా రెండు నెలలు తిరిగిస్తామంటే అవే అడుగుతాను. పొద్దున్నే మంచు బాట మీద పొగలా కదిలేది. మేష్టారు ముందు, మా ఆయన మధ్యలో, నేను వెనక. ఫ్లాస్కులో టీ, కాగితం పొట్లంలో ఉడికించిన గుడ్లు. ఒకరోజు ఆఫీసులో రెండో అంతస్తు ఎక్కి, పైన నిలబడి చూసుకున్నాను. ఆయాసం లేదు. నమ్మకం కలక్క మళ్లీ దిగి మళ్లీ ఎక్కాను. అటెండరు, “ఏం మర్చిపోయారమ్మా?” అన్నాడు. “ఏమీ లేదయ్యా,” అని మూడోసారి కూడా దిగాను.

బాట మీద మా ఇద్దరి వరస ఎప్పుడు తారుమారైందో నేను గమనించలేదు. జనవరికల్లా ముందు నేను, వెనక ఆయన. నాకు దూకుడు వచ్చేసింది. మలుపు దగ్గర ఆగి చూస్తే ఆయన ఇంకా కింద మలుపులోనే ఉండేవారు. వెనక ఆయన అడుగుల చప్పుడు మాత్రం వినిపించేది. ఒక కాలు మెత్తగా, ఒక కాలు టప్పుమని. మెత్తగా, టప్పుమని. ఆ చప్పుడు వింటూ నడవడం నాకు అలవాటైపోయింది. వస్తున్నార్లే అని ధీమాగా ఉండేది. ఆ ధీమా తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

“ఏమండీ, షాపులో కుర్చీ గుర్తొస్తోందా?”

“వస్తున్నానే బాబూ. కాలు బరువుగా ఉంది ఇవాళ.”

“ఇవాళేమిటి, మొన్నా అదే మాట. కాలు బరువు కాదు, బద్ధకం బరువు.”

ఆయన నవ్వేవారు. నా మాట నమ్మేవారు కూడా. అది నాకు తర్వాత తెలిసింది.

జనవరి నెలాఖరులో ఆయన ఎడమ బూటు ముందు కుట్టు ఊడింది. ఆఫీసు నుంచి వస్తూ రెండు బూట్లూ చెప్పులు కుట్టే ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాను. వీధి మలుపులో గొడుగు కింద కూర్చుంటాడు. రెండూ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎడమదాన్ని వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాడు.

“ఈ రెండూ ఒక మనిషివేనా అమ్మా?”

“మా ఆయనవే. ఏం?”

“కుడిది మామూలుగా మడమ దగ్గర అరిగింది. దీనికి మడమ కొత్తది కొత్తట్టే ఉంది. వేళ్ల దగ్గర మాత్రం కాగితమైపోయింది. ఆయన ఈ కాలు ఎత్తట్లేదమ్మా. ఈడుస్తున్నాడు.”

“నేనూ అదే అంటున్నాను, బద్ధకమని.”

ముసలాయన నావైపు ఒకసారి చూసి, దారానికి మైనం రాయడం మొదలెట్టాడు. నేను పక్కన నిలబడి, ఆ కుట్టు పని అయ్యేదాకా రోడ్డు మీద వెళ్లే వాళ్లని చూస్తున్నాను. అంతే జరిగింది. ఆ సాయంత్రం ఇంకేమీ జరగలేదు.

ఇంటికొచ్చి బూట్లు ఆయన ముందు పెట్టాను. “కాళ్లెత్తి నడవాలట తమరు. చెప్పులు కుట్టే ఆయనక్కూడా తెలిసిపోయింది.”

ఆయన ఎడమ బూటు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశారు. అతుకు మీద వేలితో రాశారు. “ఎత్తుతున్నాననే అనుకుంటున్నానే నేను,” అన్నారు మెల్లగా.

ఆ మాట అక్కడే పట్టుకోవలసింది. పట్టుకోలేదు. పైగా ఇంకో పని చేశాను. మర్నాటి నుంచి మా మేడ మెట్లు ఆయన చేత ఎక్కించి దించడం మొదలెట్టాను. పొద్దున ఇరవై సార్లు, సాయంత్రం షాపు నుంచి వచ్చాక ఇరవై సార్లు. కాలికి బలం రావాలని. నాకు వచ్చింది కదా మరి. నా ఒంటికి పనిచేసిన మందు ఆయన ఒంటికెందుకు పనిచెయ్యదు? కింద నిలబడి లెక్కపెట్టేదాన్ని. మేష్టారి గాలి నాకూ సోకింది.

“పద్నాలుగయ్యాయి. ఇవాళ్టికి చాలే.”

“ఇరవై అంటే ఇరవై. ఇంకో ఆరే కదా.”

ఆయన కమ్మీ పట్టుకుని మళ్లీ ఎక్కేవారు. ఎడమ కాలి వేళ్లు ప్రతి మెట్టు అంచుకీ తగిలేవి. చదువుకుంటున్న అమ్మాయి ఒకరోజు పుస్తకం మూసి, “అమ్మా, నాన్నని అలా తరమకు. ఆయన మొహం చూడు,” అంది.

“నువ్వూరుకో. కష్టపడితేనే వస్తుంది బలం.”

నాలుగు వారాలు. లెక్కేస్తే ఎన్ని మెట్లవుతాయో నేనెప్పుడూ వెయ్యలేదు. వెయ్యను కూడా.

ఫిబ్రవరి చివర్లో ఆయన పడ్డారు. కొండ మీద కాదు. దిగిపోయి, తారు రోడ్డు మీదికి వచ్చేసి, రాయీ రప్పా లేని చోట, మేష్టారితో ఏదో చెబుతూ చెబుతూ నిలువునా బోర్లా పడిపోయారు. మనిషన్నవాడు పడితే చేతులు ముందుకొస్తాయి. ఆయనకి రాలేదు. పెదవి చిట్లింది, గడ్డం గీరుకుపోయింది. మేష్టారూ నేనూ పట్టుకుని లేపుతుంటే నా నోటివెంట వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? “చూసుకుని నడవరూ!” అన్నాను. పిల్లాణ్ణి కసిరినట్టు.

“చూసుకునే నడుస్తున్నాను,” అన్నారు ఆయన, నెత్తురు ఉమ్మి.

మేష్టారు మాత్రం ఆ రోజు అడుగుల సంఖ్య చెప్పలేదు. నన్ను పక్కకి పిలిచి, “అమ్మా, ఒకసారి పెద్దాసుపత్రిలో చూపించండి. నాకెందుకో ఇది కాలి విషయంలా లేదు,” అన్నారు. సరేనన్నాను. ఆఫీసులో సెలవు దొరకాలి, వచ్చేవారం చూద్దాం అనుకున్నాను.

ఆ వచ్చేవారమే ఒక పొద్దున ఏదో కాగితం మీద ఆయన సంతకం కావలసివచ్చి, ఆఫీసు మధ్యలో సెలూన్‌కి వెళ్లాను. పదకొండు గంటలప్పుడు సగం దాకా తలుపు దించి ఉంది. వంగి లోపలికి వెళ్తే ఆయన గిరాకీ కూర్చునే కుర్చీలో కూర్చుని ఉన్నారు, అద్దానికి ఎదురుగా. చేతిలో కత్తెర. దాన్ని గాల్లో తెరుస్తున్నారు, మూస్తున్నారు. తెరుచుకోవడం సగమే తెరుచుకుంటోంది. ముప్పై ఏళ్లుగా ఆయన చేతిలో పిట్టలా కిచకిచమన్న కత్తెర అది.

అద్దంలోంచే నన్ను చూశారు. “నిన్న బ్యాంకు గుమాస్తాగారి చెవి తెగింది,” అన్నారు. “పాపం, ఏమీ అనలేదు. దూది పెట్టుకుని వెళ్లిపోయాడు.”

“ఎన్నాళ్లనుంచి?”

“ఈ బొటనవేలా? నెలవుతోంది.”

“నాకు చెప్పలేదేం?”

ఆయన కత్తెర బల్ల మీద పెట్టి, ఒక చేత్తో కుదరక, రెండు చేతులూ కలిపి దాన్ని గుడ్డలో చుట్టారు. “చెబితే దానిక్కూడా ఇరవై సార్లు అంటావేమోనని,” అన్నారు. హాస్యానికే అన్నారు. నాకు తెలుసు. అయినా ఆ కుర్చీ చెయ్యి పట్టుకుని అలాగే నేలమీద కూర్చుండిపోయాను.

పెద్దాసుపత్రిలో నాలుగు రోజులు సూదులు గుచ్చారు, కండల్లోకి కరెంటు పంపి చూశారు. అయిదో రోజు డాక్టరమ్మ మమ్మల్ని గదిలోకి పిలిచి తలుపు మూసింది. చిన్న వయసు. మాటలు వెతుక్కుంటూ చెప్పింది. ఒంట్లో కండల్ని కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయని, ఎందుకో ఎవరికీ తెలియదని. ముందు కాలు, తర్వాత చెయ్యి, తర్వాత మాట, మింగుడు, ఊపిరి. ఈయనకి కాస్త వేగంగానే ఉందని.

“నడిస్తే...” అన్నాను. “వ్యాయామం చేస్తే బలం వస్తుందా అమ్మా?”

“రాదండీ. ఒంటికి ఓపికున్నంత వరకు కదలొచ్చు. అలసిపోయేదాకా మాత్రం చేయించకండి.”

“నేను చేయించాను. మెట్లు. పూటకి ఇరవై సార్లు.”

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “మీవల్ల వచ్చిన జబ్బు కాదండీ ఇది,” అంది. ఎంత మంచి మాట. దాంతో ఏం చేసుకోను? జబ్బు నావల్ల రాలేదు. ఆ మెట్లు నావల్ల వచ్చాయి.

వరండాలో బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. ఎదురుగా ఎవరో ట్రాలీ తోసుకుపోతున్నారు. ఆయన అన్నారు, “అయితే నేను వెనకబడింది బద్ధకం వల్ల కాదన్నమాట.”

“కాదండీ.”

“అదే. నాకూ అనుమానంగానే ఉండేది. ఇంత బద్ధకం మనకెప్పుడూ లేదే అని.” ఆ మొహంలో ఏదో బరువు దిగినట్టు కనబడింది. ఎన్నాళ్లుగానో మోస్తున్న నింద కొట్టేసినట్టు. ఆ నింద వేసింది నేను. దాన్ని కొట్టెయ్యడానికి ఇంత జబ్బు కావలసి వచ్చింది.

మార్చిలో చేతికర్ర. మార్చి వెళ్లేలోగా అటొక మనిషి, ఇటొక మనిషి. ఏప్రిల్లో చక్రాల కుర్చీ. సెలూన్‌ని ఇంకొకాయన తీసుకున్నాడు. అద్దం మాత్రం అలాగే ఉంచమని అడిగారట మా ఆయన. అమ్మాయి కాలేజీ నుంచి రాగానే పుస్తకాలు పక్కనపెట్టి, పాత మంచం చెక్క ఒకటి కోసి, కుర్చీ దిగడానికి వీలుగా గడప దగ్గర ఏటవాలుగా వేసింది. మేకు మేకుకీ దాని కింది పెదవి పళ్ల మధ్య నలుగుతోంది. “నేను అప్పుడే చెప్పాను కదమ్మా,” అని ఒక్కసారైనా అంటుందేమోనని చూశాను. అనలేదు. అంటే బాగుండేది.

మా ఇంట్లో మౌనం మళ్లీ మొదలైంది. నేను ఆయనకి స్నానం చేయించేదాన్ని, అన్నం కలిపి పెట్టేదాన్ని, గెడ్డం గీసేదాన్ని. “కత్తి ఇంకొంచెం వాల్చు,” అనేవారు, “చర్మం లాగి పట్టుకో,” అనేవారు. అంతకంటే ఏం మాట్లాడుకోవాలో తోచేది కాదు. ఎదురెదురుగా ఉంటే మాకు మాటలు రావు. పక్కపక్కన నడిచే దారి పోయింది.

అందుకే మేష్టారు ఆ మాటన్నారు కాబోలు. “కుర్చీలోనైనా బయటికి తీసుకురండమ్మా, తారు రోడ్డు అయ్యేదాకా వెళ్దాం.” పొద్దున్నే, ఎండ ఎక్కకముందు తోసుకుంటూ వెళ్లాం. తారు రోడ్డు అయిపోయిన చోట కుర్చీ ఆగిపోయింది. ముందు రాళ్లు, ఎర్రమట్టి. అక్కడ ఒక చెట్టు నీడలో కుర్చీ పెట్టి మేష్టారు రాయి మీద కూర్చున్నారు. మా ఆయన బాట వైపు చూస్తూ, “నువ్వెళ్లి రా పైకి,” అన్నారు. అప్పటికే మాట కాస్త ముద్దముద్దగా వస్తోంది.

“నేనా? మీరిక్కడుంటే నేనెక్కడికి పోతాను?”

“మేష్టారున్నారు కదా. వెళ్లు.”

వెళ్లలేదు. మర్నాడూ అదే మాట. మూడో రోజూ అదే. నాలుగో రోజు ఆయన కోపం తెచ్చుకున్నారు. “నాకోసం కాకపోయినా నీ ఒంటికోసమైనా వెళ్లు. రేపు నన్నెత్తాల్సింది నువ్వే కదా.”

సరే, కనబడకుండా మొదటి మలుపు దాకా వెళ్లి కాసేపు కూర్చుని వచ్చేద్దామనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను.

మలుపు తిరిగేసరికి ఊపిరి విచ్చుకుంది. రెండు నెలలుగా నడుం వంచి ఎత్తడం, దించడం, తుడవడం తప్ప ఏమీ ఎరగని ఒళ్లు, ఏటవాలు తగలగానే దానంతటదే లయ అందుకుంది. ఇంకో మలుపు దాకా అనుకున్నాను. సగంలో ఉన్న బండరాయి దాకా అనుకున్నాను. తర్వాత ఏమీ అనుకోలేదు. వెనక ఎవరి చప్పుడూ లేదు. ఆగి చూడవలసిన మనిషి లేడు. నేనెప్పుడూ అంత వేగంగా ఎక్కలేదు. చెమట కళ్లలోకి కారుతోంది, పిక్కలు మండుతున్నాయి, పైబండ మీదికి దాదాపు పరిగెత్తాను. గాలి వచ్చి తగిలింది. రెండు చేతులూ చాపి నిలబడ్డాను.

ఎంతసేపో తెలియదు. ఆ కాసేపు నాకు జబ్బు గుర్తు లేదు, ఆసుపత్రి గుర్తు లేదు. ఆయన గుర్తు లేరు. ఆ మనిషి ఈ లోకంలో ఉన్నారన్న సంగతే మర్చిపోయి నేను హాయిగా ఉన్నాను.

గుర్తొచ్చాక దిగడం మొదలెట్టాను. మోకాళ్లు అదిరిపోయేలా దిగాను. దారిలోనే ఏం చెప్పాలో అనుకున్నాను. కింద మొదటి మలుపు దగ్గర ఆగి, మొహం తుడుచుకుని, అలసిపోయినట్టు నడక మార్చుకుని వచ్చాను.

“బాగుందా?” అన్నారు ఆయన.

“ఏం బాగు. ఎండ అప్పుడే మండిపోతోంది. సగంలోంచే వచ్చేశాను.”

మేష్టారు చటుక్కున తల దించుకుని చేతి గడియారం చూసుకున్నారు. మా ఆయన నావైపే చూస్తూ, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ అన్నారు, “పైన నిలబడ్డావు. కనబడ్డావు ఇక్కణ్ణుంచి.”

ఆ చెట్టు కిందినుంచి పైబండ కనబడుతుందని నాకు తట్టనే లేదు.

“చేతులు చాపి,” అన్నారు. “చాలాసేపు.”

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే కాళ్లు పట్టుకునేదాన్ని. కుర్చీ తిప్పి ఇంటిదారి పట్టాను. మేష్టారు రోజూ వాళ్ల సందు దాకా కబుర్లు చెబుతూ వచ్చేవారు. ఆ రోజు మధ్యలోనే ఏదో పనుందని వెళ్లిపోయారు. వెనకనుంచి తోసే మనిషికి కుర్చీలో మనిషి మొహం కనబడదు. భుజాలు మాత్రం కనబడతాయి. అవి కదులుతున్నాయి. నేను ఆపలేదు, ముందుకొచ్చి చూడలేదు. తోస్తూనే ఉన్నాను.

గడప దగ్గర, అమ్మాయి వేసిన చెక్క మీదికి కుర్చీ ఎక్కిస్తుంటే అన్నారు, “రేపట్నుంచి నన్నటు తీసుకెళ్లకు.”

“సరేనండీ.”

“నువ్వెళ్లు. నేను వద్దు.”

నేనూ వెళ్లలేదు. ఎండలు ముదిరాయి. ఆయన ఆ తర్వాత ఇంకో పదకొండు నెలలున్నారు. ఆ పదకొండు నెలల్లో మా మధ్య కొండ అన్న మాట రాలేదు.

ఇప్పుడు అందరూ చెబుతారు. అమ్మాయి ఫోనులో చెబుతుంది, ఆఫీసులో చెబుతారు, సుగరు నాకూ వచ్చిందని డాక్టరు చెబుతాడు. కనబడినప్పుడల్లా మేష్టారూ చెబుతారు, “మళ్లీ నడవడం మొదలుపెట్టమ్మా. మనసు తేలికపడుతుంది.”

తేలికపడుతుందని నాకు తెలుసు. అందుకే వెళ్లను.